పొయ్యి వెలిగించని రోజులు

హాగెస్టైన్ లాకులకు కాస్త దిగువన, రేవు స్తంభాలకు వీట్స్కె అనే బార్జి కట్టి ఉంది. ట్యాంకులు ఖాళీ. బెంజీన్ జర్మనీలో దించేశారు. కానీ బెంజీన్ దించినా దాని ఆవిరి ట్యాంకుల్లో ఉండిపోతుంది. తర్వాత ఎక్కించే సరుకు వేరే కాబట్టి ఆ ఆవిరి పోవాలి.

ఒకప్పుడు ట్యాంకుల మూతలు తెరిచి నదిలో సాగిపోతే సరిపోయేది. గాలి ఆ పని చేసేది. ఆ ఆవిరి విషం కాబట్టి ఇప్పుడు అది నేరం. ఆవిరిని గొట్టాలతో లాగి శుద్ధి చేసే కేంద్రాలు ఉన్నాయి. అక్కడికి వెళ్ళి వంతు కోసం నిలబడాలి. కేంద్రాలు తక్కువ, బార్జీలు ఎక్కువ. బార్జి యజమాని, సరంగు రిన్స్కెకు శనివారం వంతు వచ్చింది. రోటర్‌డ్యామ్‌లో కొత్త సరుకు ఎక్కించుకోవలసింది శుక్రవారం పొద్దున.

బుధవారం సరుకు దళారి కూర్ట్‌కు ఆమె ఫోన్ చేసింది.

"శనివారమా? నేను శుక్రవారం అన్నాను కదా రిన్స్కె."

"నువ్వన్నావు. కేంద్రం వాళ్ళు అనలేదు."

"మరి మిగతా సరంగులంతా టైముకి ఎలా వస్తున్నారు?"

"వాళ్ళనే అడుగు."

"నేనెవర్నీ ఏమీ అడగను. అదే నా ఉద్యోగం." కూర్ట్ నవ్వాడు. "శుక్రవారం పొద్దున నీ ట్యాంకులు శుభ్రంగా ఉంటే ఏడాది పొడుగునా సరుకు నీదే. లేకపోతే ఇంకో బార్జి చూసుకుంటా. ఏమనుకోకు."

ఆమె ఏమీ అనుకోలేదు. ఫోను బల్ల మీద పెట్టి కిటికీలోంచి నదిని చూసింది. కిందటి చలికాలం సరుకు లేక బార్జిని రేవులో కట్టి ఉంచింది. బార్జి కొంటామని ఒక కంపెనీ అప్పటినుంచీ అడుగుతోంది. కొన్నాక ఆమెను సరంగుగా తీసుకుంటామనీ అంటోంది. ఏ బార్జి ఇస్తే ఆ బార్జి నడపాలి. ఈ ఏడాది ఒప్పందం వస్తే వాళ్ళకు కాదని చెప్పొచ్చు. రాకపోతే చెప్పడం కష్టం.

వీట్స్కె ఆమె తల్లి పేరు. ట్యాంకులకు రెండు పొరల గోడలు ఉండాలని నియమం వచ్చినప్పుడు ముందు భాగం మొత్తం కోసేసి కొత్తది అతికించారు. బార్జి వెనక భాగంలో ఉన్న ఇల్లు మాత్రం మార్చలేదు. రిన్స్కె, ఆమె అన్న దౌవె పెరిగింది ఆ ఇంట్లోనే. వంటింటి తలుపు చెక్క మీద వాళ్ళిద్దరి ఎత్తులు గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. తల్లి పోయి మూడేళ్ళయింది. ఆ గీతల మీద రంగు వేయనివ్వలేదు ఎవరూ.

డెక్కు మీద ఇనుము చప్పుడైంది. రిన్స్కె బయటికి వెళ్ళింది. తండ్రి గెర్బెన్ మొదటి ట్యాంకు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు చెక్కబూట్లు. మేకుల బూట్లయితే నిప్పురవ్వ లేస్తుందని బెంజీన్ మోసినన్నాళ్ళూ అవే తొడిగాడు, ఇప్పటికీ అవే. కళాసీ సెలవు మీద వెళ్ళడంతో పదిహేను రోజులకని వచ్చాడు. చేతిలో స్పానరు ఉంది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"బోల్టులు తుప్పు పట్టాయేమో చూస్తున్నా."

"అన్నిటికీనా?"

"పట్టేటప్పుడు ఒకదానికి పట్టి ఊరుకోదు కదా."

ఆమె అతని ఎదురుగా కూర్చుంది. మూత బోల్టుల్లో సగం వదులై ఉన్నాయి.

"రేపు సాయంత్రం బయల్దేరదాం," అన్నాడు గెర్బెన్. "ఇక్కణ్ణించి స్కూన్‌హోవెన్ దాకా మెల్లగా పోతే చాలు. గాలి తోడుంటే రాత్రికి ట్యాంకుల్లో ఏమీ మిగలదు. శుక్రవారం పొద్దున కూర్ట్‌గాడి మొహాన సరుకు ఎక్కించుకో."

"కట్ట మీద ముక్కులు పెట్టారు నాన్నా. వాసన పట్టే పెట్టెలు. పట్టుకుంటే లైసెన్సు పోతుంది."

"చూశాన్లే. దక్షిణం కట్ట మీద ఉన్నాయి. గాలి నైరుతి నుంచి. వాటికి తుమ్ము కూడా రాదు."

"ఉత్తరం కట్ట మీద ఉండేవి ఎవరి ముక్కులు మరి?"

"ఉత్తరానా? అక్కడేముంది, ఊస్తర్‌లెక్. మీ నిద్ర ఊరు."

రిన్స్కెకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో.

*

పొయ్యి వెలిగించని రోజులు ఏడాదికి ఎన్ని వచ్చేవో రిన్స్కెకు గుర్తు లేదు. వచ్చిన ప్రతిదీ పండగే. మూతలు తెరిచినప్పుడు బార్జిలో నిప్పు ఉండకూడదు. కాబట్టి వంట లేదు. తల్లి ముందు రోజే పాన్‌కేకులు చేసి గుడ్డలో చుట్టి పెట్టేది. పొద్దున్నే, "ఇవాళ పొయ్యి లేదు," అనేది. ఆ మాట వినగానే దౌవె పుస్తకాలు మూసేసేవాడు.

లాకుల దగ్గర బార్జి ఆగినప్పుడు ముగ్గురూ సైకిళ్ళతో దిగిపోయేవారు. కుక్క తల్లి సైకిలు బుట్టలో. తల్లి ఎప్పుడూ వానకోటు వేసుకునేది, పసుపుది. ఎండ కాస్తున్నా అదే.

"వాన ఎక్కడమ్మా?" అని దౌవె ఏడిపించేవాడు.

"వస్తుందిలే," అనేది.

గాలి వచ్చే వైపు కట్ట మీద వెళ్ళాలి, ఆవిరి అవతలికి పోతుంది కాబట్టి. గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీచేది కాబట్టి ఎప్పుడూ దక్షిణం కట్టే. కింద నది, నదిలో వెనగ్గా తండ్రి. తల్లి పందెం పెట్టేది. ఊస్తర్‌లెక్ చర్చి శిఖరానికి ఎదురుగా నాన్న కంటే ముందు చేరాలి. చేరితే గెలిచినట్టు. చేరకపోతే చాక్లెట్ పలుకులు లేకుండా వట్టి వెన్న రొట్టె తినాలి. వాళ్ళు ఎప్పుడూ ఓడిపోలేదు. తల్లి అంత గట్టిగా తొక్కేది.

శిఖరానికి ఎదురుగా గడ్డి మీద దుప్పటి పరిచేవారు. పరిచే ముందు తల్లి కట్ట అంచున నిలబడి సైకిలు గంట కొట్టి, రెండు చేతులూ ఎత్తి ఊపేది. అవతలి వైపు నుంచి ఎవరూ ఊపేవారు కాదు. ఇంకాసేపటికి ఆ ఊళ్ళో మనిషి కనిపించేవాడు కాదు. కిటికీలు మూసి ఉండేవి. బడి ముందు పిల్లలు లేరు, తీగల మీద బట్టలు లేవు. పట్టపగలు.

"వీళ్ళు పగలు పడుకుని రాత్రి లేస్తారు," అన్నాడు దౌవె. అప్పటినుంచి అది నిద్ర ఊరు.

వాళ్ళు చల్లటి పాన్‌కేకులకు బెల్లం పాకం లాంటి సిరప్ రాసుకుని, చుట్టి తినేవారు. బార్జి కింద నుంచి వెళ్ళేది. తండ్రి చుక్కాని చక్రం దగ్గర నుంచి హారన్ కొట్టేవాడు. మూతల మీద గాలి వణకడం కనిపించేది, ఎండాకాలంలో రోడ్డు మీద కనిపించినట్టు. సాయంత్రం ఇంకో రేవులో బార్జి ఎక్కితే పరదాల్లో ఒక తియ్యటి వాసన ఉండేది. రిన్స్కెకు ఇప్పటికీ బాల్యం అంటే మొదట తగిలేది ఆ వాసనే. మంచిది కాదని తెలుసు. అయినా అదే తగులుతుంది.

*

"ఆ ఊళ్ళోకి మనం ఎప్పుడైనా వెళ్ళామా?" అని అడిగింది తండ్రిని.

"ఎందుకు వెళ్తాం? అక్కడ రేవు లేదు."

గురువారం సాయంత్రం వరకు చేసే పని లేదు. రిన్స్కె సరే అనలేదు, కాదనీ అనలేదు. తండ్రి బోల్టులు వదులుగానే ఉంచాడు. మర్నాడు పొద్దున ఇద్దరూ సైకిళ్ళు దించి దక్షిణం కట్ట మీద బయల్దేరారు. గెర్బెన్‌ది బ్యాటరీ సైకిలు. ఆమె వెనకబడినప్పుడల్లా ఆగి, "చాక్లెట్ పలుకులు పోయాయి," అనేవాడు.

చర్చి శిఖరానికి ఎదురుగా దిగారు. గడ్డి అలాగే ఉంది. దిగువన నది దాటించే పంటు ఉంది. రెండు కార్లు, ఒక ట్రాక్టరు ఎక్కాయి. వీళ్ళూ ఎక్కారు. అవతల దిగడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఊస్తర్‌లెక్‌లో జనం మెలకువగానే ఉన్నారు. బడి ముందు పిల్లలు బంతి ఆడుతున్నారు. కట్ట కింద ఒక ఇంటి గేటు దగ్గర బల్ల మీద రేగిపళ్ళంత చిన్న ప్లమ్ పళ్ళు బుట్టల్లో పెట్టి ఉన్నాయి. దొడ్లో ఒక ముసలావిడ తీగ మీద దుప్పట్లు ఆరేస్తోంది.

"మాగినవి అడుగున ఉన్నాయి," అంది, తల తిప్పకుండానే. "పైవి అందంగా ఉంటాయంతే."

"అయితే అడుగువే తీసుకుంటాం," అంది రిన్స్కె.

"మీది ఈ ఊరు కాదే."

"బార్జి వాళ్ళం. లాకుల దగ్గర ఆగాం."

"బార్జి వాళ్ళకి కట్ట ఎక్కే తీరికుందా? మా రోజుల్లో ఒక్క బార్జి వాళ్ళే ఎక్కేవాళ్ళు." ఆవిడ దుప్పటికి క్లిప్పు పెట్టింది. "అవతలి కట్ట మీద. ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు, బుట్టలో కుక్క. పసుపు కోటు."

రిన్స్కె చేతిలోని ప్లమ్ బుట్టలో పెట్టేసింది.

"ఆ పిల్లల్లో ఒకదాన్ని నేనేనండీ."

ముసలావిడ దుప్పటి వదిలి వచ్చింది. ఆవిడ పేరు హెండ్రినా. రిన్స్కె మొహంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వా అమ్మాయ్? సైకిలు నీకంటే పెద్దదిగా ఉండేది. ఇంకోడు ముందు తొక్కేవాడు, నువ్వు ఏడుస్తూ వెనక."

"ఏడవలేదు."

"దూరం కదా, ఏడుస్తున్నట్టే ఉండేది. అమ్మ ఉందా?"

"లేదండీ. మూడేళ్ళయింది."

హెండ్రినా తల ఊపింది. "ఒక్కసారైనా కలిసి చెప్పాలనుకున్నాం. ఓ క్రిస్మస్‌కి రొట్టె చేసి పంపుదామని అందరం అనుకున్నాం కూడా. ఏ బార్జో తెలియదు. అడిగితే ఆవిణ్ణి ఇరుకున పెట్టినట్టవుతుందని మా బడి టీచరు వద్దంది."

"ఏం చెప్పాలనుకున్నారు?"

"అదేం ప్రశ్న? ఆవిడ కనిపించిందంటే గ్యాస్ బార్జి వస్తోందని కదా. గంట కొట్టి చేతులు ఊపేది. మేం బట్టలు తీసేసేవాళ్ళం. కిటికీలు మూసేవాళ్ళం. మా టీచరు బడి పిల్లల్ని లోపల కూర్చోబెట్టేది. మా పెద్దాణ్ణి ఉయ్యాల బండిలో బయట పడుకోబెట్టి ఉండేదాన్ని, పరుగెత్తుకెళ్ళి లోపలికి తోసేదాన్ని. మేం ఆవిడకి సైరన్ అని పేరు పెట్టుకున్నాం. ప్రమాదాల కోసం పెట్టి, నెల మొదటి సోమవారం పరీక్షకు మోగించే సైరన్ ఉందే, అది ఒక్కోసారి మోగేది కాదు. ఆవిడ ఎప్పుడూ తప్పలేదు."

గెర్బెన్ గేటు పట్టుకుని నిలబడ్డాడు. హెండ్రినా అతణ్ణి అప్పుడే చూసినట్టు చూసింది.

"మీరు వాళ్ళాయనా?"

"అవును."

"బార్జి నడిపింది మీరేనా?"

"నేనే."

బడి దగ్గర బంతి గోడకు తగిలిన చప్పుడు వినిపించింది.

"అప్పట్లో అందరూ అదే చేసేవారు లెండి," అంది హెండ్రినా. "మిగతావాళ్ళు చెప్పేవాళ్ళు కాదు. వాసనొచ్చాక తెలిసేది. మీరు ఆవిణ్ణి పంపేవారు."

గెర్బెన్ నోరు తెరిచాడు. రిన్స్కె అతని వైపు చూసింది. అవునంటే సరిపోయేది. ఆ ఊళ్ళో ఆ మాట కాదనేవాళ్ళు లేరు.

"నేను పంపలేదమ్మా," అన్నాడు. "పిక్నిక్‌కి వెళ్తోందనుకున్నా."

హెండ్రినా అతణ్ణి చూసింది. తర్వాత నవ్వింది, పళ్ళ బుట్ట ఎత్తి రిన్స్కె చేతుల్లో పెట్టింది.

"మగాళ్ళు," అంది. "పట్టుకెళ్ళు అమ్మాయ్. బుట్ట తిరిగి ఇవ్వక్కర్లేదు."

*

పంటు మీద గెర్బెన్ రైలింగు పట్టుకుని నిలబడ్డాడు. పంటు కదిలాక మాట్లాడాడు.

"లాకుల దగ్గర మీరు దిగాక మీ అమ్మ నన్ను వెంటనే కదలనిచ్చేది కాదు. కాసేపు ఆగు, పిల్లలు గెలవాలి అనేది. నేను తాడు విప్పకుండా కూర్చుని పైపు తాగేవాణ్ణి. మూతలు తెరవకముందే తాగేయాలి కదా."

"మాకు తెలుసు. నువ్వు కావాలని ఓడిపోయేవాడివని దౌవె అనేవాడు."

"ఎండలో కోటు ఎందుకే అని అడిగాను. వానొస్తుంది అంది."

"మాకూ అదే చెప్పింది."

పంటు మధ్యలో ఒక బార్జికి దారిచ్చి ఆగింది. అలలు వచ్చి పక్కకు తగిలాయి.

"నాతో ఒక్కసారి అంది," అన్నాడు గెర్బెన్. "అవతల ఊళ్ళో బడి ఉంది గెర్బెన్, అని."

"నువ్వేమన్నావు?"

"బడి ఉంటే ఏం, అన్నాను. నిజంగానే అడిగాను. నాకు అర్థం కాలేదు. గాలి ఎటు నుంచి వస్తుందో చూసేవాణ్ణి. ఎటు పోతుందో చూసినట్టే అనుకున్నా."

ఆమె బుట్టలోంచి ఒక పండు తీసి అతనికిచ్చింది. అతను తినలేదు, చేతిలో పట్టుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడూ అనలేదు," అన్నాడు. "కోటు కొనుక్కుంది."

కట్ట మీద తిరిగి వస్తున్నప్పుడు గెర్బెన్ బ్యాటరీ వేయలేదు. కాళ్ళతో తొక్కాడు. రిన్స్కె వెనకే వచ్చింది.

బార్జి ఎక్కగానే అతను బూట్లు మార్చుకుని డెక్కు మీదికి వెళ్ళాడు. ఆమె చక్రం గదిలో కూర్చుని ఫోను చేతిలోకి తీసుకుంది. అద్దంలోంచి తండ్రి కనిపిస్తున్నాడు. మొదటి ట్యాంకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని స్పానరు తిప్పుతున్నాడు. ఎటు తిప్పుతున్నాడో ఇక్కణ్ణించి తెలియడం లేదు. ఆమె ఫోను కింద పెట్టి బయటికి వెళ్ళింది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"తుప్పేమీ లేదు," అన్నాడు, బోల్టు బిగిస్తూ. "బానే ఉన్నాయి."

"అన్నీనా?"

"ఒకటి నువ్వు చూడు. నా మోకాలు పట్టేసింది."

ఆమె స్పానరు తీసుకుంది. మిగతా బోల్టులు ఆమె బిగించింది. ఆ తర్వాతే కూర్ట్‌కు ఫోన్ చేసింది.

"శనివారమే కూర్ట్. అంతకంటే ముందు అవదు."

"పోనీ, రేపు సాయంత్రానికి చూడు. నేను వాళ్ళకి నచ్చజెప్తా."

"రేపు సాయంత్రానికి కూడా వంతు రాదు."

"వంతు సంగతి నేనడగలేదు రిన్స్కె."

"అడగవని తెలుసు. నేనే చెప్తున్నా."

"నీ ఇష్టం. ఒప్పందం ఇంకో బార్జికి ఇచ్చేస్తా, తర్వాత నన్ననొద్దు." ఫోను పెట్టేసే ముందు, "పెద్దాయన బాగున్నాడా?" అని అడిగాడు.

"మోకాలు నొప్పి," అంది ఆమె.

తండ్రికి విషయం చెప్పింది. అతను బల్ల మీద ప్లమ్ గింజలు వరసగా పెడుతున్నాడు.

"రోజు బేరాల మీద నడిపాను నేను," అన్నాడు. "పెళ్ళైన కొత్తలో. ఇవాళ సరుకుందో లేదో పొద్దున తెలిసేది. చావలేదు."

"అప్పుడు కంపెనీ వాళ్ళు అడగలేదు."

"అడిగారు. మీ అమ్మ తలుపు తీయలేదు."

ఆమె నవ్వింది. ఆ సాయంత్రం కంపెనీకి జవాబు రాయలేదు, ఈ చలికాలం చూసి చెప్తానని మర్నాడు పొద్దున రాసింది. చలికాలం ఎలా గడుస్తుందో ఆమెకు తెలియదు.

*

శుక్రవారం వీట్స్కె కట్లు విప్పుకుని దిగువకు బయల్దేరింది. మూతలు బిగించి ఉన్నాయి. గాలి ఇంకా నైరుతి నుంచే వీస్తోంది. గెర్బెన్ వంటింట్లో పాన్‌కేకులు పోస్తున్నాడు. మొదటిది మాడింది. రెండోది తిరగేస్తుంటే విరిగింది.

"అమ్మ గీసిన గీతల దగ్గర పెనం పెట్టకు," అని చక్రం గదిలోంచి కేకేసింది రిన్స్కె. "చెక్క కాలుతుంది."

"ఇరవై ఏళ్ళు ఈ వంటింట్లో కాఫీ తాగాను, నాకు చెప్తావా."

"తాగావు. చేశావా?"

మలుపు తిరగ్గానే చర్చి శిఖరం కనిపించింది. ఆమె వేగం తగ్గించి హారన్ కొట్టింది. గెర్బెన్ ప్లేటు పట్టుకుని డెక్కు మీదికి వచ్చాడు.

బడి విరామం. పిల్లలు కట్ట ఎక్కి బార్జిని చూస్తున్నారు. కట్ట కింద దొడ్లో హెండ్రినా బుట్ట చంకన పెట్టుకుని నిలబడి ఉంది. తీగ నిండా దుప్పట్లు ఉన్నాయి. ఆవిడ బార్జి పేరు చదవడానికి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. చదివాక చెయ్యి దించలేదు. పైకెత్తి ఊపింది.

గెర్బెన్ ప్లేటును ట్యాంకు మూత మీద పెట్టి రెండు చేతులూ ఎత్తాడు. అతను ఊపుతున్నంతసేపూ రిన్స్కె వేగం పెంచలేదు. దుప్పట్లు గాలికి ఊరి వైపు లేచి, మళ్ళీ పడుతున్నాయి. ఆవిడ వాటిని తీయలేదు.

శిఖరం వెనకబడ్డాక అతను లోపలికి వచ్చి ప్లేటు ఆమె ముందు పెట్టాడు. ఆమె ఒక పాన్‌కేకు ముట్టుకుంది.

"వేడిగా ఉంది," అంది.

"ఉంచు," అన్నాడు గెర్బెన్. "చల్లారాక తిందాం."